కీలుబొమ్మ పాదం కింద ఎవరి నామ్ ఉంది?

కారు నుంచి రోబోగా మారే బొమ్మ దొరికితే పిల్లలు ముందు దాని ముఖం చూస్తారు. ఆ బొమ్మలు జమా చేసే షౌఖ్ ఉన్నవాళ్లు తిరగేసి పాదం చూస్తారు. పాదం అడుగునో, వీపు మీదో, చక్రం పక్కనో చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో రాసి ఉంటుంది: ఒక కంపెనీ పేరు, ఒక ముల్క్ పేరు, ఒక సంవత్సరం. బొమ్మ తారీఖ్ అంతా ఆ చిన్న ముద్రలోనే మొదలవుతుంది. ఆ ముద్రలో లేనిది ఇంకొకటి ఉంది. ఆ కీళ్లను ఊహించిన మనిషి పేరు.

మన పల్నాడు ఇళ్లల్లో ఈ బొమ్మలు కొత్తేం కాదు. పెదకూరపాడులో గుంటూరు రైలెక్కి ఈద్ సౌదాకు వెళ్లే కుటుంబం తిరిగొచ్చేటప్పుడు సంచిలో గాజులు, అత్తరు, సేమియాలతో పాటు పిల్లాడి కోసం ఒక రోబో కూడా ఉంటుంది. ఉరుసు దగ్గర, తిరునాళ్ల దగ్గర ప్లాస్టిక్ దుకాణాల్లో అవే వేలాడుతుంటాయి. ఈదీ డబ్బులన్నీ దానికే పోశాడని అమ్మీ తిడుతుంది. రెండు రోజుల్లో చెయ్యి ఊడిపోతుందని నానీమా ముందే చెబుతుంది. వాళ్లు చెప్పింది తప్పని నేను అనను. కానీ ఆ బొమ్మ మన దాకా రావడానికి ఒక ప్రపంచ యుద్ధం, ఒక చమురు సంక్షోభం, సముద్రాల మీద నాలుగైదు సఫర్లు అవసరమయ్యాయి. ఆ కహానీ తెలిస్తే దాన్ని చూసే తీరు మారుతుంది.

కీలు అనే మాట

తెలుగులో మనకు చక్కని మాట ఉంది, కీలుబొమ్మ. రాజకీయాల్లో తిట్టుగా వాడి వాడి దాని అసలు అర్థం మరిచిపోయాం. కీలు అంటే రెండు పుర్జాలు కలిసి కదిలే చోటు. 1949లో అక్కినేని, అంజలీదేవి నటించిన 'కీలుగుర్రం' చూసిన బుజుర్గులకు ఈ మాట బాగా తెలుసు. కీలు తిప్పితే గుర్రం ఎగురుతుంది.

బొమ్మను ముక్కలుగా చేసి అతికే హునర్ కూడా మన చుట్టుపక్కల పాతదే. కృష్ణకు అవతల కొండపల్లిలో తెల్ల పొణికి కొయ్యతో తలను, చేతులను, ఒంటిని విడివిడిగా చెక్కుతారు. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికిస్తారు. రంగు పడ్డాక అతుకు కనపడదు. కొండపల్లివాడు అతుకును దాచాడు. రోబో బొమ్మ చేసినవాడు అదే అతుకును కీలుగా మార్చి అందరికీ చూపించాడు. బొమ్మ గొప్పంతా అక్కడే ఉంది.

కదిలే బొమ్మల ఇల్మ్ ఇంకా వెనక్కి వెళ్తుంది. తొమ్మిదో శతాబ్దపు బగ్దాద్‌లో బనూ మూసా అనే ముగ్గురు అన్నదమ్ములు 'కితాబుల్ హియల్' అనే పుస్తకంలో సుమారు వంద తమాషా యంత్రాలను వర్ణించారు. నీటి బరువుతో, గాలి ఒత్తిడితో వాటంతటవే పనిచేసే పాత్రలు, ఫౌంటెన్లు, దీపాలు అందులో ఉన్నాయి. ఆ తర్వాత అల్ జజరీ వచ్చాడు. దియార్‌బకర్‌లో అర్తుఖీ సుల్తానుల కొలువులో ఉండి 1206లో తన పుస్తకం పూర్తి చేశాడు. ఏనుగు గడియారం, పడవలో కూర్చుని వాయించే బొమ్మ సాజిందాలు, చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోసే బొమ్మ ఖాదిమ్ అందులో కొన్ని.

అల్ జజరీ యంత్రాల్లో ఒక్కటీ ఇవాళ మిగల్లేదు. అయినా లండన్‌లోనూ, దుబాయ్‌లోనూ ఏనుగు గడియారాన్ని మళ్లీ చేయగలిగారు. కారణం ఒక్కటే, ఆయన రాసి పెట్టాడు. ఏ పుర్జా ఎంత పొడవు, దేంతో చేయాలి, ఎలా అమర్చాలి, అన్నీ బొమ్మలు గీసి మరీ రాశాడు. యంత్రాలు పోయాయి, కితాబ్ నిలబడింది. దాంతో పాటు ఆయన పేరూ నిలబడింది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరపడుతుంది.

డబ్బా రేకు నుంచి రోబో దాకా

రూపు మార్చే రోబోలు పుట్టింది జపాన్‌లో. 1945లో ఆ దేశం యుద్ధంలో ఓడి బూడిదైపోయింది. ఆ ఏడాది చివర్లోనే ఒత్సు అనే ఊళ్లో కొసుగె అనే కారీగర్ అమెరికన్ సైనికులు తిని పారేసిన డబ్బాల రేకును కత్తిరించి బొమ్మ జీపు చేశాడు. ఓడించినవాడి చెత్తతో ఓడించినవాడి వాహనమే బొమ్మగా తయారైంది. జనం ఎగబడి కొన్నారు. తర్వాత బొమ్మల ఎగుమతి మొదలైంది. 1947 నుంచి 1952 దాకా బయటికి వెళ్లే సరుకు మీద 'ఆక్రమిత జపాన్‌లో తయారైంది' అనే ముద్ర వేయాల్సి వచ్చింది. పిల్లల బొమ్మ అడుగున ఒక దేశం ఓటమి రాసి ఉండేదన్నమాట. ఆ ముద్ర ఉన్న బొమ్మలను ఇవాళ జమా చేసేవాళ్లు ఏరి ఏరి దాచుకుంటారు.

1955లో యసుతా సతో అనే ఆయన పెట్టిన చిన్న వినైల్ సంస్థ తర్వాత టకారా అయింది. టకారా అంటే జపాన్ జబాన్‌లో ఖజానా. అటు అమెరికాలో పోలాండ్ నుంచి వలస వచ్చిన హాసెన్‌ఫెల్డ్ అన్నదమ్ములు 1923లో గుడ్డ పేలికల వ్యాపారం మొదలుపెట్టారు. పేలికలు పెన్సిల్ డబ్బాలయ్యాయి, పెన్సిల్ డబ్బాలు బొమ్మలయ్యాయి. హాసెన్‌ఫెల్డ్ బ్రదర్స్ అనే పేరు కుదించుకుని హాస్‌బ్రో అయింది. 1964లో ఆ కంపెనీ జి.ఐ. జో అనే పన్నెండంగుళాల సైనికుడి బొమ్మ తెచ్చింది. మోచేయి, మోకాలు, మెడ అన్నీ కదిలే బొమ్మ అది.

ఆ జో బొమ్మకు జపాన్‌లో లైసెన్సు తీసుకున్నది టకారా. సైనికుడి బొమ్మ అక్కడి పిల్లలకు పెద్దగా పట్టలేదు. టీవీలో వచ్చే వీరుల మీదే వాళ్ల ఇష్టం. దాంతో టకారా అదే ఒంటిని పారదర్శకమైన ప్లాస్టిక్‌తో పోసి, లోపల యంత్రాలు కనిపించేలా చేసి 1972లో 'హెన్‌షిన్ సైబోర్గ్' అని అమ్మింది. హెన్‌షిన్ అంటే రూపం మార్చుకోవడం. మన కథ అసలు మొదలైంది ఈ మాటతోనే.

మరుసటి ఏడాది అరబ్బు దేశాలు చమురు బిగించాయి. 1973 సంక్షోభం గురించి గల్ఫ్ బాట పట్టిన మన కుటుంబాలకు ఒక రకంగా తెలుసు. చమురు ధర పెరగడం వల్లనే కదా అక్కడ కట్టడాలు లేచాయి, మన కుర్రాళ్లకు వీసాలు వచ్చాయి. జపాన్ బొమ్మల దుకాణానికి అది ఇంకో రకంగా తెలిసింది. ప్లాస్టిక్ పుట్టేది చమురులోంచే. ధర పెరిగేసరికి పెద్ద బొమ్మ భారమైంది. టకారా సైబోర్గ్‌ను పది సెంటీమీటర్లకు కుదించి 1974లో 'మైక్రోమ్యాన్' తెచ్చింది. చిన్న బొమ్మకు చిన్న బండ్లు కావాలి, చిన్న యంత్రాలు కావాలి. 1980లో 'డయాక్లోన్' వచ్చింది. అందులో వేలి కణుపంత డ్రైవర్లు, వాళ్లు నడిపే రోబోలు ఉండేవి. డ్రైవర్ పాదాలకు అయస్కాంతాలు. కొన్నాళ్లకు ఆ రోబోలు నిజమైన కార్లుగా మారడం మొదలైంది. 1983లో మైక్రోమ్యాన్ లోనే 'మైక్రో చేంజ్' అనే శాఖ వచ్చింది. ఇంట్లో కనిపించే వస్తువులు, అంటే టేప్ రికార్డరు, క్యాసెట్టు, పిస్తోలు, బొమ్మ కారు, రోబోలుగా మారతాయి.

ఈ రెండు శాఖల వెనకా డిజైనర్లు ఉన్నారు. డయాక్లోన్ కార్ల మీద కోజిన్ ఓనో, షోజీ కవామొరి పనిచేశారు. లారీగా మారే 'బ్యాటిల్ కాన్వాయ్'ను హిరోయుకి ఒబారా గీశాడు. మైక్రోమ్యాన్ రోజుల నుంచి ఉన్నవాడు హిడెయాకి యోకె. ఈ పేర్లు డబ్బా మీద ఎక్కడా అచ్చు కాలేదు.

పేరు మారింది, సీటు ఖాళీ అయింది

ఈ బొమ్మలను హాస్‌బ్రో దృష్టికి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు హెన్రీ ఓరెన్‌స్టైన్. 1923లో పోలాండ్‌లో పుట్టిన యూదుడు. నాజీల చేతుల్లో తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు. ఖైదీల్లో శాస్త్రవేత్తలు, గణిత పండితులు ఎవరని అడిగినప్పుడు తానూ, అన్నదమ్ములూ ఆ కోవలోనే ఉన్నామని పేర్లు రాయించి ప్రాణం దక్కించుకున్నాడు. అమెరికా వెళ్లి బొమ్మల వ్యాపారంలో స్థిరపడ్డాడు. చేతిలో ఉన్న చిన్న కారు ఒక్క తిప్పుకు ఇంకోటిగా మారడం చూసి ఇది పెద్ద పని అవుతుందని హాస్‌బ్రోను ఒప్పించాడు. టకారాతో ఒప్పందం కుదిరింది.

చూడండి తమాషా. హాస్‌బ్రో జో బొమ్మ జపాన్ వెళ్లి, సైబోర్గ్ అయి, చిన్నదయి, రోబో అయి, మళ్లీ హాస్‌బ్రో గుమ్మంలోకే వచ్చింది. పుట్టింటివాళ్లు మాత్రం దాన్ని గుర్తుపట్టలేనంతగా మారిపోయింది.

అప్పటికి బొమ్మలు ఉన్నాయి, కహానీ లేదు. హాస్‌బ్రో మార్వెల్ కామిక్స్ దగ్గరికి వెళ్లింది. అక్కడ జిమ్ షూటర్ కథ మొదటి రూపం రాశాడు. లారీ రోబోకు 'ఆప్టిమస్ ప్రైమ్' అని పేరు పెట్టింది డెనిస్ ఓనీల్. మిగతా వాటిలో చాలా వాటికి పేర్లు, స్వభావాలు రాసింది బాబ్ బుడియాన్‌స్కీ. పిస్తోలు రోబోకు 'మెగాట్రాన్' అని ఆయన పెట్టిన పేరు మరీ భయంకరంగా ఉందని హాస్‌బ్రోవాళ్లు మొదట సంకోచించారు. విలన్ పేరు భయపెట్టకపోతే ఇంకేం చేయాలన్నది ఆయన వాదన. బొమ్మల్లోని అంగుళం అంగుళం గీతలను తెర మీద కదిలేలా సులువు చేసి గీసినవాళ్లలో ఫిలిప్పీన్స్‌కు చెందిన ఫ్లోరో డెరీ ఒకడు. 1984 సెప్టెంబర్‌లో కార్టూన్ మొదలైంది. అమెరికాలో పిల్లల టీవీ నిబంధనలు అంతకు కాస్త ముందే సడలాయి. బొమ్మ అమ్మడం కోసమే సీరియల్ తీయడానికి అడ్డు లేకపోయింది.

ఈ మార్పులో ఒకడు మాయమయ్యాడు, డయాక్లోన్ డ్రైవర్. జపాన్ కహానీలో రోబో ఒక యంత్రం, నడిపేవాడు మనిషి. అమెరికన్ కహానీలో రోబోకే రూహ్ వచ్చింది, అదే మాట్లాడుతుంది, అదే బాధపడుతుంది. నడిపేవాడితో పని లేదు. కానీ సాంచా మారలేదు. అందుకే 1984 నాటి ట్రాన్స్‌ఫార్మర్స్ కార్ల తలుపు తెరిస్తే లోపల బుల్లి సీటు ఉంటుంది. ఆ సీటు ఎవరిదో ఆ అమెరికన్ పిల్లలకు ఎవరూ చెప్పలేదు. తారీఖ్ తెలిసినవాడికి ఆ ఖాళీ సీటే గవాహీ.

కథ బలం ఎంతటిదో 1986లో తెలిసింది. కొత్త బొమ్మలకు చోటు చేయడానికి ఆ ఏడాది సినిమాలో ఆప్టిమస్ ప్రైమ్‌ను చంపేశారు. కంపెనీ లెక్కలో అది పాత సరుకు తీసేయడం. హాల్లో కూర్చున్న పిల్లలకు అది మౌత్. ఏడుపులు, ఉత్తరాలు, తల్లిదండ్రుల గొడవలు అయ్యాయి. 1987లో ఆయన్ను టీవీలో మళ్లీ బతికించాల్సి వచ్చింది.

ఒకే సాంచా, ముగ్గురు అన్నదమ్ములు

బొమ్మల కార్ఖానాలో అన్నిటికంటే ఖరీదైనది సాంచా. ఉక్కు దిమ్మెను లోపల తొలిచి, కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో దాంట్లోకి పంపిస్తారు. రూపు మార్చే బొమ్మకు ఒక్క సాంచా చాలదు. డజన్ల కొద్దీ పుర్జాలు వెంట్రుకంత తేడా లేకుండా ఒకదాంట్లో ఒకటి ఇమడాలి. కీలు బిగుతైతే పిల్లాడి చేతిలో విరుగుతుంది, వదులైతే రోబో నిలబడదు. మన ఆటోనగర్ లేతు మేస్త్రీని అడగండి, ఆ కొలత ఎంత కష్టమో చెబుతాడు. ఇంత ఖర్చు పెట్టిన సాంచాతో ఒక్క బొమ్మే పోస్తే లాభం ఏముంది? రంగు మార్చి, తల మార్చి, పేరు మార్చి మళ్లీ పోస్తారు. స్టార్‌స్క్రీమ్, థండర్‌క్రాకర్, స్కైవార్ప్ అనే మూడు విమానాలూ ఒకే ఎఫ్-15 సాంచా బిడ్డలు. ప్రౌల్, బ్లూస్ట్రీక్, స్మోక్‌స్క్రీన్ ముగ్గురూ ఒకే ఫెయిర్‌లేడీ కారు సంతానం.

సాంచా వారసత్వం మీద తకరార్లు కూడా వచ్చాయి. 1985లో వచ్చిన జెట్‌ఫైర్ అసలు టకారా బొమ్మ కాదు. షోజీ కవామొరి 'మాక్రాస్' సీరియల్ కోసం గీసిన విమానాన్ని టకటోకు అనే కంపెనీ బొమ్మగా చేసింది. ఆ కంపెనీ దివాలా తీసింది, సాంచా టకారా ప్రత్యర్థి బండై చేతికి పోయింది. హాస్‌బ్రో ఆ బొమ్మను తెచ్చి అమ్మింది కానీ, కార్టూన్లో దాని ఆకారం మార్చి, స్కైఫైర్ అని పేరు కూడా మార్చాల్సి వచ్చింది.

బండై వాళ్ల పాపీ శాఖ 1982లోనే 'మెషీన్ రోబో' అని రూపు మార్చే బొమ్మలు తెచ్చింది. అమెరికాలో వాటిని టోంకా కంపెనీ 'గోబాట్స్' పేరుతో అమ్మింది. ట్రాన్స్‌ఫార్మర్స్ కంటే ముందు అంగట్లోకి వచ్చినవి అవే. అయినా ఇవాళ వాటి పేరు ఎంతమందికి తెలుసు? 1991లో హాస్‌బ్రో టోంకానే కొనేసింది. గెలిచినవాడి కహానీలో ఓడినవాడు నక్లీగా మిగిలిపోతాడు. గోబాట్ చేతికి దొరికితే 'ఇది డూప్లికేట్' అని పారేయకండి. అది డూప్లికేట్ కాదు, అన్న వరస.

అసలు డూప్లికేట్ల గోల కూడా అప్పుడే మొదలైంది. 1985 నుంచి హాస్‌బ్రో ప్రతి బొమ్మ మీద చిన్న నల్ల స్టిక్కర్ అంటించింది. వేలితో రుద్దితే వేడికి లోపలి ముఖం కనిపిస్తుంది, ఆటోబాటా డిసెప్టికానా తెలుస్తుంది. పిల్లలకు అది ఆట, కంపెనీకి అది అస్లీ ముద్ర.

హిందూస్తాన్‌కు వచ్చిన దారి

1987లో మద్రాసు టైర్ల కంపెనీ ఎం.ఆర్.ఎఫ్, హాస్‌బ్రో కలిసి ఫన్‌స్కూల్ పెట్టాయి. గోవాలో కార్ఖానా. అమెరికాలో పని అయిపోయిన జి.ఐ. జో సాంచాలు ఓడల్లో ఇక్కడికి వచ్చాయి. మన కారీగర్లు వాటితో బొమ్మలు పోశారు. కానీ రంగులు వేరు. అక్కడ ఆకుపచ్చ వేసుకున్న సైనికుడు ఇక్కడ ఇంకో రంగులో కనిపిస్తాడు. అప్పట్లో అది చవక సరుకు. ఇవాళ అమెరికాలో, యూరప్‌లో జమా చేసేవాళ్లు ఆ హిందూస్తానీ రంగుల కోసం వెతుకుతారు. మన చేతి మార్పే దాని ఖరీదైంది.

మన ముస్లిం ఇళ్లకు ఇంకో దారి ఉండేది, గల్ఫ్ సూట్‌కేస్. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చే చాచా తెచ్చే కంబళి, టార్చి లైటు, టాంగ్ డబ్బా మధ్యలో బ్యాటరీ రోబో. తర్వాతి జమానాలో చైనా సరుకు వచ్చింది. 2001లో దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు ఎత్తేశాక అంగళ్లు దాంతో నిండాయి. మళ్లీ 2020లో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం ఇరవై నుంచి అరవై శాతానికి, 2023లో డెబ్భై శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మకు బి.ఐ.ఎస్. ముద్ర తప్పనిసరి అయింది. పిల్లలకు కొనేటప్పుడు ఆ ముద్ర చూడండి. చిన్నారులు నోట్లో పెట్టుకునే వస్తువు కదా.

2010లో శంకర్ 'రోబో' చివర్లో వందల చిట్టీలు కలిసి గోళంగా, పాముగా, కొండంత మనిషిగా మారితే మన హాళ్లల్లో ఈలలు మోగాయి. ముక్కలు కలిసి ఇంకో రూపం కావడం జపాన్ బొమ్మల దుకాణంలో పండిన ఊహే.

జమా చేయడం అంటే ఏమిటి?

జమా చేయడంలో రెండు రకాల మనుషులు ఉంటారు. ఒకరు వస్తువు జమా చేస్తారు. రెండోవారు వస్తువుతో పాటు దాని హిసాబ్ కూడా జమా చేస్తారు. ఈ తేడా మనకు పక్కనే ఉన్న అమరావతి చెబుతుంది.

మన పెదకూరపాడు నియోజకవర్గంలోనే ఉన్న ఆ స్తూపాన్ని 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించాడు. శిల్పాలు మద్రాసు చేరాయి, 1859లో చాలా భాగం ఓడెక్కి లండన్ పోయాయి. ఎన్నో ఏళ్లు వాటిని 'ఇలియట్ మార్బుల్స్' అన్నారు. రెండు వేల ఏళ్ల కింద కృష్ణ ఒడ్డున రాయి చెక్కిన మనుషుల పనికి తవ్వించిన అధికారి పేరు! జమా చేసినవాడి నామ్ చేసినవాడి నామ్‌ను మింగేయడం అంటే ఇదే.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ఇంకో పాఠం చెబుతుంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889లో పుట్టి 1949లో చనిపోయాడు. చిన్న వయసులో నిజాంకు దివాన్‌గా చేసి, ఆ పదవి వదిలి, మిగతా ఉమర్ అంతా వస్తువులు సేకరించాడు. నికాహ్ చేసుకోలేదు, ఔలాద్ లేదు. ఆయన పోయాక ఆ దౌలత్ చెల్లాచెదురై ఉండేది. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలోనే మ్యూజియంగా తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం చేసింది, 1968లో ఇప్పటి భవనానికి మారింది. పిల్లల విభాగంలో సీసపు సైనికుల బొమ్మలు ఇవాళ్టికీ ఉన్నాయి.

అక్కడికి పిల్లలతో వెళ్లిన ప్రతి కుటుంబమూ గడియారం ముందు నిలబడుతుంది. గంట కావడానికి కాస్త ముందు గడ్డం మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. ఇంకో బొమ్మ, కమ్మరి, క్షణానికొక దెబ్బ చొప్పున సమ్మెట వేస్తూనే ఉంటాడు. ఆ గడియారానికి కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరుంది, సాలార్‌జంగ్ పేరుంది. ఆ బుల్లి కమ్మరిని మలిచిన కారీగర్ పేరుతో దాన్ని ఎవరూ పిలవరు.

రోబో బొమ్మలు జమా చేసేవాళ్లు ఈ విషయంలో కొంత ఇన్సాఫ్ చేశారని ఒప్పుకోవాలి. ప్రపంచమంతా ఉన్న ఆ షౌఖీన్లు జపాన్ పాత కాటలాగులు తిరగేశారు, డిజైనర్లను వెతికి పట్టుకుని మాట్లాడారు, ఏ సాంచా ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో పుర్జా పుర్జాకు లెక్క రాశారు. 2010లో హాస్‌బ్రో ట్రాన్స్‌ఫార్మర్స్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టినప్పుడు అందులో బాబ్ బుడియాన్‌స్కీ, గొంతు ఇచ్చిన పీటర్ కల్లెన్‌తో పాటు హిడెయాకి యోకె, కోజిన్ ఓనో పేర్లు కూడా చేరాయి. బొమ్మ అమెరికాలో అమ్మిన ఇరవై ఆరేళ్లకు చేసినవాళ్ల పేర్లు పైకొచ్చాయి. ఆలస్యమే, కానీ వచ్చాయి.

అందుకే మీ ఇంట్లో పిల్లాడికి ఈ షౌఖ్ పట్టుకుంటే డబ్బు దండగ అని ఒక్క మాటతో కొట్టేయకండి. వాడికి ఒక బహీ ఇవ్వండి, నూరు పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. ఏ బొమ్మ, ఎవరిచ్చారు, ఎప్పుడు, పాదం కింద ఏం రాసి ఉంది, ఎన్ని కీళ్లున్నాయి, ఏది విరిగింది, ఎవరు బాగుచేశారు, ఇవన్నీ రాయించండి. ముద్ర మీద ఉన్న సంవత్సరం సాంచా హక్కుది కావచ్చు, బొమ్మ పోసిన ఏడాది అదే కానక్కర్లేదు అని చెప్పండి. పది బొమ్మలు హిసాబ్‌తో ఉంటే అది ఖజానా. వంద బొమ్మలు హిసాబ్ లేకుండా ఉంటే అది అటక మీది మూట.

మన చేతుల పేర్లు

తెనాలిలో సూర్య శిల్పశాల ఉంది. కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర పాత బండ్ల నట్లు, బోల్టులు, చెయిన్లు అతికి మనిషి కంటే ఎత్తయిన విగ్రహాలు చేస్తారు. పాడుబడిన బండి మనిషి రూపం దాల్చడం. జపాన్ డిజైనర్లు బొమ్మలో ఊహించిందాన్ని మన గుంటూరు సీమలో ఇనుముతో నిజం చేశారు. వాళ్ల పేర్లు పత్రికల్లో వచ్చాయి. బాగుంది.

మరి మిగతావాళ్లు? గుంటూరు, విజయవాడ ఆటోనగర్లలో లేతు మీద, వెల్డింగ్ దగ్గర, రేడియేటర్ల ముందు ఒళ్లు కాల్చుకున్న ఉస్తాదులు ఎందరో మన బిరాదరీ వాళ్లే. కంపెనీ పుర్జా దొరక్కపోతే కొలత చూసి కొత్తది తిప్పి ఇచ్చినవాళ్లు. ట్రాక్టరు ఇంజను ఊడదీసి మోటారుకు పెట్టినవాళ్లు. దూది ఏకే యంత్రానికి, మిరప కళ్లంలో తూర్పార పట్టే ఫ్యానుకు సొంతంగా ఉపాయాలు కనిపెట్టినవాళ్లు. గిన్నెలకు కళాయి పూసినవాళ్లు. వాళ్లకు ఏ పాదం కిందా ముద్ర లేదు. షాగిర్దులకు చేతితో నేర్పారు, కాగితం మీద పెట్టలేదు. ఉస్తాద్ పోతే హునర్ సగం పోతుంది, షాగిర్దు ఇంకో పనికి మళ్లితే మిగతా సగం పోతుంది.

మన ఇళ్లల్లో వంశం పేర్లు చెప్పుకుంటాం, ఎవరి బిడ్డ ఎవరికిచ్చారో నాలుగు తరాల దాకా చెబుతాం. దాదా ఏ పని ఎలా చేసేవాడో, ఏ పనిముట్టు స్వయంగా చేసుకున్నాడో అడిగితే మాట ఆగిపోతుంది. ఎక్కడో జపాన్‌లో బొమ్మ గీసిన మనిషి పేరు అమెరికాలో ఎవరో ఒకరు వెతికి రాశారు. మన దాదా పేరు మనం కాకపోతే ఎవరు రాస్తారు?

వచ్చే సెలవుల్లో బొమ్మల బహీలోనే వెనక పేజీలు కొన్ని వదిలిపెట్టమని పిల్లలకు చెప్పండి. మామూజాన్ షెడ్డుకు పంపించండి. ఒక్కో పనిముట్టు పేరేమిటో అడిగి రాసుకోమనండి, దాని బొమ్మ గీసుకోమనండి, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఆ ఉస్తాద్ పేరు, ఆయన ఊరి పేరు కూడా. అల్ జజరీ ఎనిమిది వందల ఏళ్ల కింద చేసిన పని అంతే. హునర్ ఒక అమానత్. చేతిలో ఉన్నంత కాలం చేతిది, రాసి పెడితే వచ్చే తరానిది.